ఆరు నెలలదాకా అన్నీ, ఆ తర్వాత ఏమీ లేవు

బిడ్డ భూమ్మీద పడ్డ మొదటి గంటలో నోట్లో ఏం వెయ్యాలి? ఈ ప్రశ్నకు మన దేశంలో ప్రతి కులం దగ్గరా, ప్రతి ప్రాంతం దగ్గరా ఒక జవాబు ఉంది. తమాషా ఏమిటంటే ఆ జవాబుల్లో తల్లిపాలు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. మనవైపు తేనె నాకిస్తారు, కలకండ నీళ్ళు పోస్తారు, పేగులు శుభ్రపడాలని ఆముదం చుక్క వేస్తారు. నేనుంటున్న సూరత్‌లో గుజరాతీలు 'గళథూథీ' అంటారు. బెల్లం నీళ్ళలో కాస్త నెయ్యి కలిపి, దూది ముంచి, బిడ్డ నోట్లో చుక్కలు చుక్కలుగా పిండుతారు. అది పోసినవాళ్ళ గుణాలే బిడ్డకు వస్తాయని నమ్మకం. అందుకని కుటుంబంలో మంచి పేరున్న పెద్దమనిషిని వెతికి మరీ పోయిస్తారు. మనం 'ఉగ్గుపాలతో అబ్బింది' అన్నట్టే వాళ్ళు 'గళథూథీలోనే వచ్చింది' అంటారు.

బెల్లం నీళ్ళతో గుణాలు వచ్చేట్టయితే ఈ దేశంలో ఒక్క దొంగ కూడా పుట్టి ఉండకూడదు. దొంగను పిలిచి పోయించిన కుటుంబం ఏదీ లేదు కదా!

నవ్వి ఊరుకోవడానికి ఇది రాయడం లేదు. పిల్లల పెంపకం మీద మన హేతువాదులు రాసిన వ్యాసాలు చాలా చదివాను. తేనె, ఆముదం, వసకొమ్ము, దిష్టి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. అది సగం కథ. తల్లిపాలు తప్ప ఏమీ అక్కర్లేని మొదటి ఆరు నెలల్లో మనం బిడ్డకు అన్నీ పెడతాం. అన్నీ కావలసిన తర్వాతి పద్దెనిమిది నెలల్లో ఏమీ పెట్టం. మొదటి తప్పుకు నమ్మకం కొంత కారణం. రెండో తప్పుకు నమ్మకం కన్నా పనిగంటలు, అద్దె ఇళ్ళు, ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఎక్కువ కారణం. మూఢనమ్మకాన్ని తిట్టడం సులువు. పనిగంటల్ని తిట్టడం మనకింకా అలవాటు కాలేదు.

మా కతర్‌గామ్ సంగతి కొంచెం చెప్పాలి. సూరత్‌లో మనవాళ్ళు ఎక్కువగా లింబాయత్, ఉధనా వైపు ఉంటారు. ఇటు తక్కువ. కతర్‌గామ్ అంటే వజ్రాల సాన, జి.ఐ.డి.సి.లో సాంచాలు, ఎంబ్రాయిడరీ మిషన్లు. నేను సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ ఒక సాంచాల ఖాతాలో లెక్కలు రాస్తూ స్థిరపడ్డాను. మా సందులో సౌరాష్ట్ర నుంచి వచ్చిన వజ్రాల పనివాళ్ళు, గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులు, ఖాందేశ్ మరాఠీలు, మన సిరిసిల్ల, నల్లగొండ వాళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటారు. మూఢనమ్మకాల్ని చదువుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. సొంత ఊళ్ళో ఉంటే అందరూ ఒకే మాట చెబుతారు కాబట్టి అది నిజంలాగే ఉంటుంది. ఇక్కడ ప్రతి గోడకూ అవతల దానికి సరిగ్గా వ్యతిరేకమైన నిజం ఒకటి కాపురం ఉంటుంది.

బాలింత తిండినే తీసుకోండి. మా పక్కింటి సౌరాష్ట్ర అమ్మాయికి కాన్పు అయితే వాళ్ళత్త నెయ్యి, బెల్లం, గోందు, శొంఠి, ఇంకా ఏవేవో దినుసులు కలిపి 'కాట్లు' చేసిపెట్టింది. పొద్దున్నే గోధుమపిండిని నెయ్యిలో వేయించి 'రాబ్' కాచి తాగించింది. అదే నెలలో ఎదురింట్లో మన నల్లగొండ అమ్మాయికి కాన్పు అయింది. ఆమెకు పథ్యం. వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం. పప్పు తింటే బిడ్డకు వాతం, పెరుగు తింటే జలుబు, అరటిపండు తింటే దగ్గు, నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుంది. ఇద్దరు అత్తల్నీ మా ఆవిడ అడిగింది, ఎందుకిలా అని. ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు: "పాలు పడాలని."

రెండిళ్ళలోనూ పాలు పడ్డాయి. అవి నెయ్యికీ రాలేదు, కారానికీ రాలేదు. బిడ్డ చీకితే వచ్చాయి. చీకినప్పుడల్లా తల్లి మెదడు దగ్గరి గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ విడుదలై పాలు తయారవుతాయి, ఆక్సిటోసిన్ విడుదలై పాలు దిగుతాయి. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత నిండుతుంది. రెండిళ్ళను పోల్చడం ప్రయోగం కాదని నాకూ తెలుసు. కానీ రెండు నమ్మకాలు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయన్న సంగతి చూపడానికి ఆ రెండిళ్ళు చాలు. తేడా మరోచోట ఉంది. పాలిచ్చే తల్లికి రోజుకు మామూలు కన్నా ఐదారు వందల కేలరీలు ఎక్కువ కావాలి. తిండిలో దొరక్కపోతే శరీరం తన నిల్వల్లోంచి తీసి బిడ్డకు ఇచ్చేస్తుంది. పథ్యం వల్ల ఎండిపోయేది పాలు కాదు, తల్లి. రాబ్ తాగిన అమ్మాయి నెల తిరిగేసరికి లేచి తిరిగింది. కారం తిన్న అమ్మాయికి మెట్లెక్కితే ఆయాసం. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తీశారు.

ఇక ముర్రుపాలు. మొదటి రెండు మూడు రోజులు చిక్కగా, పసుపుగా, కొద్దిగానే వస్తాయి. చూడ్డానికి 'చెడిపోయినట్టు' ఉంటాయని పిండి పారబోసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందులో రోగాల్ని అడ్డుకునే ప్రతిరక్షకాలు దట్టంగా ఉంటాయి. కొద్దిగా రావడం కూడా లోపం కాదు. మొదటిరోజు బిడ్డ పొట్టలో పట్టేది చెంచాల లెక్కే. ఆవు ఈనితే జున్నుపాల కోసం వాడంతా గిన్నెలు పట్టుకుని తిరిగే మనం, కన్నతల్లి జున్నును మాత్రం నేలపాలు చేస్తాం. దూడకున్న అదృష్టం బిడ్డకు లేదు.

అయితే ఇక్కడ మనం ఒక లెక్క చూడాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సుమారు 89 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. కానీ మొదటి గంటలో తల్లిపాలు అందిన పిల్లలు 42 శాతమే. తప్పంతా అమ్మమ్మలదే అయితే ఆస్పత్రిలో ఈ సంఖ్య ఎందుకు పెరగలేదు? అమ్మమ్మ తేనె సీసా తెస్తే, తెల్లకోటు వేసుకున్నవాళ్ళు పాలపొడి డబ్బా రాసిస్తున్నారు. ప్రైవేటు ఆస్పత్రుల్లో కాన్పుల్లో సగం దాకా సిజేరియన్లే అని అదే సర్వే చెప్పింది. తల్లికి మత్తు దిగేలోపు బిడ్డను వేరే గదికి తీసుకుపోయి సీసా పట్టేస్తారు. ఆపరేషన్ అయిన తల్లి కూడా కొంచెం సాయం ఉంటే మొదటి గంటలోనే పాలివ్వగలదు. ఆ సాయం చెయ్యడానికి ఒక మనిషి కావాలి. డబ్బాకు మనిషి అక్కర్లేదు.

ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్ళు కూడా అవసరం లేదు. ఈ మాట చెబితే మా సందులో నన్ను రాక్షసుణ్ణి చూసినట్టు చూస్తారు. మే నెల సూరత్ ఉక్కలో గొంతెండిపోదా అంటారు. తల్లిపాలలో 88 శాతం నీళ్ళే. దాహం వేసినా బిడ్డ చేసేది ఒకటే, ఇంకోసారి చీకడం. పోసిన ప్రతి చెంచాడు నీళ్ళూ ఒక చెంచా పాలకు చోటు తగ్గిస్తాయి, ఆ నీళ్ళు శుభ్రం కాకపోతే విరేచనాలు తెస్తాయి. తేనె సంగతి ఇంకా ప్రమాదం. అందులో ఉండే బోటులినం బీజాలు ఏడాది లోపు పిల్లల పేగుల్లో మొలకెత్తి కండరాల్ని చచ్చుబడేలా చెయ్యగలవు. అరుదే, కానీ ఏ ప్రయోజనమూ లేనిదానికి ఆ అరుదైన ప్రమాదం మాత్రం ఎందుకు? మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాకించడం కూడా అంతే. ఆ కొమ్ములోని ఆసరోన్ అనే పదార్థం జంతువుల మీద విషమని తేలింది. ఈ దేశంలో వసపిట్టలకు కొరతేమీ లేదు కూడా.

ఒక్క విషయంలో మన పాతవాళ్ళను మెచ్చుకోవాలి. ఉగ్గు తప్పు, ఉగ్గుగిన్నె ఒప్పు. తల్లిపాలు పిండి పట్టవలసి వచ్చినా, డాక్టరు చెప్పి పోతపాలు పట్టవలసి వచ్చినా, సన్న మూతి ఉన్న ఆ గిన్నె పాలసీసా కన్నా మంచిది. వేలుపెట్టి కడగొచ్చు, ఉడకబెట్టొచ్చు, మూలల్లో పాలు నిలవవు. నెలలు నిండని పిల్లలకు ఆస్పత్రుల్లో పాలు పట్టేది ఈ ఆకారంలో ఉన్న గిన్నెతోనే. మనవాళ్ళు ఆముదాన్ని నిలుపుకొని గిన్నెను అవతల పారేశారు. హేతువాదం అంటే పాతదాన్ని మొత్తంగా తోసెయ్యడం అనుకునేవాళ్ళు దీన్ని కొంచెం ఆలోచించాలి.

మా సందులో అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట "పాలు సాల్తలేవు". ఎదురింటి నల్లగొండ అమ్మాయి నా దగ్గరికీ వచ్చింది. "అన్నా, పాలు సాల్తలేవు, పిల్ల ఒకటే ఏడుస్తుంది. డబ్బా పాలు పట్టమంటున్నరు" అంది. బిడ్డ ఎన్నిసార్లు ఒంటికి పోస్తుందని మా ఆవిడ అడిగింది. రోజుకు ఏడెనిమిది సార్లట. బరువు పెరుగుతోందట. అంటే పాలు చాలుతున్నాయి. పిల్లలు ఆకలికే ఏడవరు. కానీ అప్పటికే సుముల్ డెయిరీ పాల ప్యాకెట్టు ఇంట్లోకి వచ్చేసింది. అరగదని సగానికి సగం నీళ్ళు కలిపి పడుతున్నారు. లెక్క చూడండి. వంద మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 65 కేలరీలు ఉంటాయి, ఆవుపాలలోనూ దాదాపు అంతే. నీళ్ళు కలిపితే సగం. పొట్ట నిండుతుంది, శక్తి సగమే అందుతుంది. పొట్ట నిండిన బిడ్డ తల్లి దగ్గర తక్కువ చీకుతుంది. తక్కువ చీకితే పాలు తగ్గుతాయి. రెండు వారాలకు "చూశావా, నిజంగానే పాలు లేవు" అంటారు. ఇలా తనను తాను నిజం చేసుకునే అబద్ధాలు మూఢనమ్మకాల్లో కూడా అరుదు.

ఈ భయం మీదే పెద్ద వ్యాపారం నడిచింది. 1974లో బ్రిటన్‌లోని 'వార్ ఆన్ వాంట్' అనే సంస్థ పేద దేశాల్లో పాలపొడి అమ్మకాల మీద 'ది బేబీ కిల్లర్' అనే చిన్న పుస్తకం వేసింది. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి అమ్మకాలకు ఒక నియమావళి చేసింది. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని గట్టి చేశారు. రెండేళ్ళ లోపు పిల్లల డబ్బా ఆహారానికి ప్రకటనలు, ఉచిత నమూనాలు, డాక్టర్లకు కానుకలు నిషేధం. ఆ నిషేధం ఉన్నదని తెలిసిన తల్లి మా సందులో నాకు ఒక్కరూ కనిపించలేదు. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన 'పబ్లిక్ ఐ' పరీక్షలు చేయించి ఒక సంగతి బయటపెట్టింది. ఇండియాలో అమ్మే సెరెలాక్‌లో ఒక్కో పూట మోతాదుకు దాదాపు 3 గ్రాముల చక్కెర కలిపారు, జర్మనీ, బ్రిటన్‌లలో అమ్మేదాంట్లో కలపలేదు. గొడవయ్యాక అదే ఏడాది ఆ కంపెనీ చక్కెర కలపని రకాలు తెస్తున్నామని ప్రకటించింది. గళథూథీలో బెల్లం కలిపిన అవ్వను వెక్కిరించే చదువుకున్నవాళ్ళు ఈ చక్కెరను డబ్బా మీద డబ్బిచ్చి కొన్నారు.

పాలపొడి శాస్త్రానికి శత్రువని నేననడం లేదు. గేదె పాలతో పసిపిల్లల పాలపొడి చెయ్యడం కుదరదని పాశ్చాత్య నిపుణులు అంటున్న రోజుల్లో మైసూరులోని సి.ఎఫ్.టి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు చేసి చూపించారు, అమూల్ దాన్ని ఇదే గుజరాత్‌లో తయారుచేసింది. తల్లి లేని బిడ్డకు, కొన్ని జబ్బులున్న తల్లి బిడ్డకు, నిజంగానే పాలు చాలని కొద్దిమందికి అది ప్రాణం. అలాంటి పిల్లల కోసమే ముంబైలోని సయాన్ ఆస్పత్రిలో 1989లో తల్లిపాల బ్యాంకు పెట్టారు, హైదరాబాద్ నీలోఫర్‌లో 2017లో 'ధాత్రి' వచ్చింది. డబ్బా పట్టే ప్రతి తల్లినీ దోషిలా చూడడం కూడా ఒక రకం మూఢత్వమే.

ఇప్పుడు రెండో సగానికి వద్దాం. ఇదే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

ఆరో నెల నిండేసరికి బిడ్డ పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు అయిపోతాయి. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. రెండో ఏడాదిలో తల్లిపాలు ఇచ్చే శక్తి అవసరంలో మూడోవంతే. మిగతాదంతా కంచంలోంచి రావాలి. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లకు పైతిండి నుంచి రోజుకు 200 కేలరీలు, ఏడాది దాకా 300, రెండో ఏడాదిలో 550 అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో ఆరు నుంచి ఇరవైమూడు నెలల పిల్లల్లో చాలినంత తిండి దొరుకుతున్నది 11 శాతం మందికే అని ఆ సర్వేనే చెప్పింది. గుజరాత్‌లో అంతకన్నా తక్కువ. పాల వెల్లువ పుట్టిన ఈ రాష్ట్రంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 39 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, దాదాపు 80 శాతం మందికి రక్తహీనత.

అన్నప్రాశన మంచి పండగే అంటాను. ఆరో నెలలో అన్నం మొదలుపెట్టాలన్న లెక్క శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. ముహూర్తం కుదరలేదని, ఊళ్ళో మేనమామకు సెలవు దొరకలేదని ఎనిమిదో నెలకో తొమ్మిదో నెలకో నెట్టడం దగ్గర వస్తుంది చిక్కు. అంతకన్నా పెద్ద చిక్కు మర్నాటి నుంచి. ఆ రోజు పాయసం నాకించి, కత్తీ పుస్తకం బంగారం ముందుపెట్టి, బిడ్డ ఏది పట్టుకుంటుందో చూసి, ఫోటోలు తీసి, మళ్ళీ పాలకు పోతారు. బిడ్డ ముందు పుస్తకం పెట్టిన ఎంతమంది మర్నాడు పప్పు గిన్నె పెట్టారు?

పెట్టినా ఏం పెడతారు? చారన్నం, పప్పు మీద తేట, గంజి. 'అన్నప్రాశననాడే ఆవకాయా' అన్న సామెతను మనవాళ్ళు మరీ మనసుకు పట్టించుకుని, ఏడాదిన్నర దాకా చారు దగ్గరే ఉంచేస్తారు. ఎనిమిది కిలోల పిల్ల పొట్టలో ఒక చిన్న గ్లాసుడు పడుతుంది. ఆ చోటుని చారుతో నింపితే ఇక శక్తికి చోటెక్కడ? ముద్ద చెంచా మీద నిలబడాలి. జారిపోతే అది తిండి కాదు. బాగా మెత్తగా మెదిపిన అన్నం, గట్టి పప్పు, చెంచాడు నూనె లేదా నెయ్యి. ఇంతే. ఉప్పూ చక్కెరా ఏడాది దాకా అక్కర్లేదు.

గట్టిగా పెడితే పిల్ల మింగలేదని తల్లులు అంటారు. నిజమే. దీనికి పరిష్కారం మాకు నూటయాభై కిలోమీటర్ల దూరంలోనే దొరికింది. 1980లలో వడోదర ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్, ఆమె తోటివాళ్ళు మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమల పిండి మీద పనిచేశారు. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. చిక్కటి వేడి జావలో ఆ పిండి కొద్దిగా కలిపితే, నీళ్ళు పొయ్యకుండానే జావ పలచబడుతుంది. శక్తి తగ్గదు, మింగడం సులువు. మన ఆడవాళ్ళు రాగులు మొలకకట్టి పిండి పట్టించేవారు కదా, అందులో ఉన్న కిటుకు ఇదే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వేయించిన గోధుమలు, పుట్నాలు, పల్లీలు, బెల్లంతో 'హైదరాబాద్ మిక్స్' అని ఒకటి రూపొందించింది, బరువు తగ్గిపోయిన పిల్లల కోసం. డబ్బా ధరతో పోలిస్తే ఇవి ఎంతకొస్తాయో మీరే లెక్కేసుకోండి.

ఆ సంస్థే నల్లగొండ జిల్లాలో 60 పల్లెల్లో, 600 మంది తల్లులతో ఒక ప్రయోగం చేసి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. ఒక గుంపు తల్లులకు ఏం పెట్టాలో చెప్పారు. మరో గుంపుకు ఎలా పెట్టాలో కూడా చెప్పారు. బిడ్డ ముఖం చూస్తూ, మాట్లాడుతూ, నోట్లో కుక్కకుండా, వద్దంటే ఆగి మళ్ళీ పెట్టడం. చెప్పిన చోట పిల్లల తిండి మెరుగుపడింది. ఎలా పెట్టాలో కూడా నేర్పిన చోట పిల్లల మానసిక వికాసం కూడా మెరుగ్గా కనిపించింది. డబ్బూ మందూ కాదు, మాట. నల్లగొండ నుంచి సాంచాల పనికి సూరత్ వచ్చిన కుటుంబాల్లోకి ఆ మాట ఎందుకు రాదు?

ఎందుకంటే అలా పెట్టాలంటే పూటకు అరగంట కావాలి. నాలుగు పూటలంటే రెండు గంటలు. మా సందులో మగవాళ్ళు సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తారు. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్ళు అంటిస్తారు, ఎంబ్రాయిడరీ గుడ్డ వెనక దారాలు కత్తిరిస్తారు. చీరకింత అని కూలి. బిడ్డ ముఖం చూస్తూ కూర్చున్న రెండు గంటలూ కూలి లేని గంటలే. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు, అంటే సరిగ్గా ఆరు నెలలు. 50 మంది, అంతకు మించి ఉన్న చోట పిల్లల గది పెట్టాలన్నారు. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించే మనిషికి ఏ యజమాని సెలవిస్తాడు? ఆమె ఏ కంపెనీ హాజరు పట్టీలోనూ లేదు. అందుకే ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మా సందులో అతి చవకైన ఆయా. చేతికిస్తే గంటసేపు పిల్ల ఏడవదు. ఈ తల్లికి వెళ్ళి 'శాస్త్రీయ దృక్పథం' బోధించే ముందు ఆమె కూలి లెక్క మనం చూడాలి.

అందుకే నేను ఉపదేశాలు మానేసి దగ్గర్లో దొరికేవాటి గురించి మాట్లాడుతున్నాను. కతర్‌గామ్ పేరు సూరత్‌లో వజ్రాల కన్నా ముందు చిక్కుడుకాయకు పేరు. ఉంధియులో వేసే పాపడి ఇక్కడిదే శ్రేష్ఠం అంటారు. చలికాలంలో లేత గింజలు ఒలిచి ఉడకబెట్టి మెదిపితే ఆరు నెలల పిల్లకు వెన్నలాంటి ముద్ద. మనవాళ్ళు చిక్కుడు వాతం అని పెద్దవాళ్ళు తిని పిల్లకు చారు పోస్తారు. పల్లీలైతే గుజరాత్ నిండా పల్లీలే. పిల్లలకు పల్లీ పడదని ఏడాది రెండేళ్ళు ఆపమని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. 2015లో బ్రిటన్‌లో వచ్చిన లీప్ పరిశోధన దాన్ని తిరగేసింది. ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు ఏడాది లోపే పల్లీ తినిపిస్తే తర్వాత పల్లీ ఎలర్జీ 80 శాతం దాకా తగ్గింది. శాస్త్రం మాట మార్చుకుంటుంది, అదే దాని బలం. గింజ గింజగా మాత్రం పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. మెత్తగా నూరి జావలో కలపాలి.

గుడ్డు దగ్గర వ్యవహారం మళ్ళీ మతానికి వస్తుంది. ఈక్వెడార్‌లో ఆరు నెలల పాటు రోజుకో గుడ్డు పెట్టిన పిల్లల్లో ఎదుగుదల లోపం దాదాపు సగానికి తగ్గిందని 2017లో ప్రకటించారు. మలావీలో అదే ప్రయోగం చేస్తే ఎత్తులో తేడా కనిపించలేదు. అక్కడి పిల్లలు అప్పటికే చేపలు తింటున్నారు. అంటే గుడ్డు మంత్రం కాదు, మాంసకృత్తులు దొరకని కంచంలో అది చాలా విలువైన వస్తువు. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలల పిల్ల నుంచీ గుడ్లు, బాలామృతం ఇచ్చే ఏర్పాటు ఉంది. గుజరాత్ అంగన్‌వాడీల్లో బాలశక్తి ప్యాకెట్టు ఇస్తారు, గుడ్డు లేదు. తిననివాళ్ళను ఎవరూ బలవంతం చెయ్యమనడం లేదు. తినేవాళ్ళ పిల్లకు ఎందుకు ఆపాలి? రైలెక్కి రాష్ట్రం దాటగానే బిడ్డ కంచంలోంచి గుడ్డు మాయమవుతుంది. ఇది ఏ డాక్టరూ రాసిన పథ్యం కాదు.

ఎదురింటి అమ్మాయి ఇంట్లో గుడ్డు ఉడకబెట్టుకోవడానికి కూడా లేదు. ఇంటి యజమాని ముందే షరతు పెట్టి ఇచ్చాడు. కొన్నాళ్ళు ఆమె మా ఇంట్లో ఉడకబెట్టుకుని, పెంకులు కాగితంలో చుట్టి మొగుడి టిఫిన్ డబ్బాలో ఖాతాకు పంపేది. మా ఇల్లు సొంతం కాబట్టి మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆమెను అడిగారు, నువ్వు రోజూ ఎదురింటికి ఎందుకు పోతున్నావని. ఆపేసింది.

మొన్న వచ్చి "గుడ్డు లేకుంటే పాపడి, పల్లీ, పప్పుతోని ఎల్తదా అన్నా?" అని అడిగింది. చాలావరకు వెళ్తుంది అన్నాను. మాంసకృత్తులకు పప్పు, పల్లీ, పెరుగు చాలు. బి12 కొంత పాలు పెరుగులోంచి వస్తుంది. ఇనుము మాత్రం కష్టం, పప్పులో ఉన్నది ఒంటికి తక్కువ పడుతుంది, పైన నిమ్మరసం పిండితే కొంచెం నయం. దానికోసమే ఆరు నెలల పిల్లల నుంచి అయిదేళ్ళ దాకా వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ వెయ్యాలని 'అనీమియా ముక్త్ భారత్' కింద 2018 నుంచీ ఉంది. సీసా ఆశా కార్యకర్త దగ్గర ఊరికే దొరకాలి. పోషణ్ ట్రాకర్‌లో ఊరి పేరు ఇక్కడికి మార్పించుకుంటే బాలశక్తి ప్యాకెట్టు కూడా ఇవ్వాలి. అంగన్‌వాడీ ఎక్కడో ఆమెకు తెలీదు. మూడు సందుల అవతలే ఉంది. భాష రాదని భయం. సోమవారం మా ఆవిడ తోడు వెళ్తోంది.